నీళ్ళాయనకు క్షమాభిక్ష

జైలు కట్టేవాళ్ళు ముందు గోడ ఎత్తు చూసుకుంటారు, తరువాత కాపలా బురుజులు చూసుకుంటారు, అంతా అయ్యాక ఎవడికో నీళ్ళు గుర్తొస్తాయి. ఈ జైలును రాతి గుట్ట మీద కట్టారు. పారిపోయేవాడు కిందికి దిగక తప్పదు, దిగితే కనబడక తప్పదు, అదీ వాళ్ళ లెక్క. మనుషులు దిగకుండా చూసుకున్నవాళ్ళకు నీళ్ళు ఎక్కాలన్న ఊహ తట్టలేదు. గుట్ట అడుగున, గోడకు లోపలివైపే, లోతైన బావి ఒకటి ఉంది. అందులో సగం దూరం దిగితే రాతిలో తొలిచిన అరుగు, అరుగు మీద పంపు. పన్నెండు వందల మంది ఖైదీలూ, వాళ్ళను కాసే రెండు వందల మందీ తాగేదీ కడుక్కునేదీ ఆ పంపు పుణ్యమే.

దాన్ని నడిపే ఖైదీని అందరూ నీళ్ళాయన అనేవారు. ఖైదీని అంకెతో పిలవాలని నియమం ఉంది. ఆ నియమాన్ని సూపరింటెండెంటు దగ్గర్నుంచి వంటవాడి దాకా ఎవరూ అతని విషయంలో పాటించలేదు. దాహం వేసినప్పుడు అంకెలు గుర్తుండవు.

బయట ఉన్నప్పుడూ అతనిది అదే పని. మోటార్లు దింపడం, ఎత్తడం, చెడిపోతే విప్పి బాగుచేయడం. ఒక మధ్యాహ్నం ఎవరిదో నూతిలో నడుము లోతు నీళ్ళలో నిలబడి వైరు విప్పుతుంటే, పైనున్న జతగాడు ఎవరితోనో మాటల్లో పడి స్విచ్చి వేశాడు. నీళ్ళాయన ఎగిరి గోడకు కొట్టుకున్నాడు, బతికాడు. మెట్లు పట్టుకుని పైకొచ్చాడు. జతగాడు నవ్వుతూ, "ఏం బావా, షాకు కొట్టిందా?" అన్నాడు. నీళ్ళాయన చేతిలో పానా ఉంది. జతగాడు మళ్ళీ మాట్లాడలేదు.

కోర్టులో జడ్జిగారు ఆ నూతికి మెట్లెన్ని అని అడిగారు. ఇరవై రెండు అని చెప్పింది నీళ్ళాయనే. దిగేటప్పుడు లెక్కపెట్టుకోవడం అతని వృత్తి అలవాటు. ఇరవై రెండు మెట్లు ఎక్కినా చల్లారని కోపాన్ని క్షణికావేశం అనలేమని జడ్జిగారు రాసి, యావజ్జీవం వేశారు. ఆ తీర్పు తప్పని నీళ్ళాయన ఎన్నడూ అనలేదు. జైల్లో తాను నిర్దోషినని చెప్పుకోని ఒకరిద్దరిలో అతనొకడు. ఆ కారణంగా మొదట్లో తోటివాళ్ళు అతన్ని కొంచెం తేడా మనిషిగా చూశారు.

అతను రావడానికి ముందటి ఎండాకాలం పంపు మూడు రోజులు ఆగిపోయింది. మొదటిరోజు కంచాలు మోగాయి, రెండోరోజు కిటికీలు పగిలాయి, మూడోరోజు సూపరింటెండెంటుకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆనాటి నుంచి ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ఖైదీలకంటే పంపుకే ఎక్కువ భయపడ్డాడు. అది పాతకాలపు యంత్రం, దాని సామాన్లు తయారు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. నీళ్ళాయన పాత బూట్ల తోలు కోసి వాషర్లు చేసేవాడు. గోనె పీచు పేని, గ్రీజులో నానబెట్టి, తిరిగే ఇరుసు చుట్టూ నీళ్ళు కారకుండా కుక్కేవాడు. ఒక కర్ర కొస పంపుకు ఆనించి, రెండో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. వైద్యుడు రొమ్ము విన్నట్టు. రేపు ఏది అరుగుతుందో ఈరోజే చెప్పేవాడు. పదేళ్ళలో నీళ్ళు ఒక్కపూట ఆగలేదు.

పదేళ్ళు నిండితే క్షమాభిక్షకు అర్జీ పెట్టుకోవచ్చు. ఈ క్షమాభిక్ష అన్నది చాలా పాత వ్యవహారం. రాజుగారికి కొడుకు పుట్టినా, యుద్ధం గెలిచినా, కడుపునొప్పి తగ్గినా చెర తలుపులు కాస్త తెరిచేవారు. శిక్షకు కొలత ఉంటుంది, అది చట్టం పుస్తకంలో దొరుకుతుంది. క్షమకు కొలత లేదు, అది ఇచ్చేవాడి మనసులో దొరకాలి. రాజులు పోయారు గాని ఆ మనసు మాత్రం పోకుండా కమిటీకి సంక్రమించింది. రాజధానిలో అయిదుగురు సభ్యులు, వాళ్ళ ముందు ఫైళ్ళు, ఫైల్లో సూపరింటెండెంటు రాసే నడవడిక నివేదిక.

అప్పటి సూపరింటెండెంటు మంచివాడు. నీళ్ళాయనకు మేలు చేద్దామని కూర్చుని, ఉన్న భాషంతా ఉపయోగించి రాశాడు. ఇంతటి క్రమశిక్షణ, ఇంతటి నైపుణ్యం తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. ఇతను లేనిదే ఈ సంస్థ ఒక్కరోజు కూడా నడవదని ముగించి, తృప్తిగా సంతకం పెట్టాడు. నాలుగు నెలలకు జవాబు వచ్చింది: "సదరు ఖైదీ సేవలు సంస్థకు అత్యవసరమని నివేదిక వలన తెలియుచున్నందున, ప్రత్యామ్నాయ ఏర్పాటు జరిగిన పిదప పరిశీలించవచ్చును."

అదే జాబితాలో వార్డరు చెవి కొరికినవాడికి విడుదల వచ్చింది. వాడు పోతే సంస్థకు ఏ నష్టమూ లేదని వాడి నివేదికలో స్పష్టంగా ఉంది మరి.

నీళ్ళాయనకు మిగిలింది ఒక్క అక్క. ఆస్పత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట పని ఆమెది. నెలకోసారి రెండు బస్సులు మారి వచ్చేది. తన అద్దె గదిలో రెండో మంచం వేసి ఉంచింది, దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. జాలీకి అవతల నిలబడి ఆ జవాబు రెండుసార్లు చదివించుకుంది.

"నిన్ను మంచిగా ఉండమన్నాను గానీ, ఇంత పనికొచ్చేలా ఉండమన్నానట్రా?"

"ఊరికే కూర్చుంటే పొద్దుపోదక్కా."

"పోకపోతే పోకపోనీ. ఆ పంపు చెడగొట్టు."

పక్కన నిలబడ్డ వార్డరు దగ్గాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. సన్నవార్డరు అనేవారు. "అమ్మా, నేనిక్కడే ఉన్నాను."

"ఉన్నావని చూసే అంటున్నా నాయనా. నీ దాహం సంగతి కూడా నువ్వు చూసుకో."

చెడగొట్టడం గురించి నీళ్ళాయన ఒక వారం ఆలోచించాడు. ఒక మర సగం చుట్టు వదులు చేస్తే చాలు. రోజూ ఆ మర దగ్గరికి చేయి వెళ్ళేది, వెళ్ళి బిగించి వచ్చేది. ఇక మిగిలిన దారి ఒకటే. తన పని ఇంకొకరికి నేర్పాలి.

మొదట ఒక సైకిల్ దొంగను ఎంచుకున్నాడు. నలభై దాటినవాడు, దొంగతనానికి ముందు గంట ఊడదీసి జేబులో వేసుకునే జాగ్రత్తపరుడు. చేతివాటం ఉంది గనక ఎనిమిది నెలల్లో పని పట్టుబడింది. కర్ర చెవికి పెట్టి, "గురువుగారూ, ఎడమవైపు గరగర" అని చెప్పగలిగాడు. సరిగ్గా అప్పుడే దేశాధ్యక్షుడికి డెబ్భై ఏళ్ళు నిండాయి, మూడేళ్ళలోపు శిక్షలన్నీ ఆ సంతోషంలో రద్దయ్యాయి. సైకిల్ దొంగ వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు.

"ఇంకో ఆర్నెల్లు ఉంటానని ఆఫీసులో అడిగానండీ. మీ నివేదిక వెళ్ళిందాకా. కుదరదన్నారు."

"అడిగావా, నిజంగానే?"

"ఒకసారి అడిగాను. రెండోసారి అడిగితే ఎక్కడ ఒప్పుకుంటారోనని భయమేసింది."

ఈసారి నీళ్ళాయన శిక్ష ఎంతో చూసి మరీ ఎంచుకున్నాడు. లెక్చరరు ఒకాయన ఉన్నాడు, ప్రభుత్వాన్ని దించాలని కరపత్రాలు రాసినందుకు పద్దెనిమిదేళ్ళు పడ్డవాడు. ఇంకా పన్నెండు మిగిలి ఉన్నాయి. చేతులు మాత్రం పానా పట్టే చేతులు కావు. ఏది బిగించమన్నా ముందు దాని చరిత్ర అడిగేవాడు. అయినా రెండేళ్ళు పట్టువదలక నేర్చుకుని, పంపు అంతా ఒక నోటుపుస్తకంలో బొమ్మలతో సహా రాసిపెట్టాడు. అది పూర్తయిన నెలకు ప్రభుత్వం నిజంగానే పడిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు రాజకీయ ఖైదీలందరినీ ఒక్క కలంపోటుతో వదిలేశారు.

"అయితే మీ నేరాన్ని క్షమించారా సార్?" అని నీళ్ళాయన అడిగాడు.

"క్షమించడం కాదోయ్, అది నీబోటివాళ్ళకి. మాకు అసలు నేరమే జరగలేదన్నారు."

"మరి ఈ ఎనిమిదేళ్ళు?"

"అవి జరిగాయి."

నీళ్ళాయన కాసేపు గ్రీజు గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. "నాక్కూడా ఏమీ జరగలేదని రాయరా సార్ ఎవరైనా?"

"రాయొచ్చు. నీ జతగాడు లేచి రావాలి ముందు."

అది నిజమే గనక అతను ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. లెక్చరరు నోటుపుస్తకం వదిలి వెళ్ళాడు. రాజకీయ ఖైదీ చేతిరాత గనక దాన్ని పరిశీలించాకే ఎవరికైనా ఇవ్వాలని ఆఫీసువాళ్ళు బీరువాలో పెట్టి తాళం వేశారు. పరిశీలించాల్సిన అధికారి కూడా పాత ప్రభుత్వంతోపాటే వెళ్ళిపోయాడు.

ఇలా పదమూడో ఏడు వచ్చింది. అప్పుడు నీళ్ళాయనకు జ్వరం వచ్చింది.

మామూలు జ్వరం కాదు. మూడు రోజులు జైలు ఆస్పత్రి మంచం మీద తల ఎత్తలేదు. రెండోరోజు పొద్దున తెలివి వచ్చేసరికి పక్కగదిలో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. కల అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నాలుగోరోజు తూలుకుంటూ బావిలోకి దిగి చూస్తే పంపు హాయిగా నడుస్తోంది. ఇరుసు దగ్గర మర పావు చుట్టు బిగించి ఉంది, సరిగ్గా తాను బిగించేటంతే. చెవికర్ర మాత్రం తాను పెట్టే మూల కాకుండా ఇంకో మూల ఉంది.

సన్నవార్డరు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పంపు దగ్గర కాపలా డ్యూటీ అతనిదే, నాలుగేళ్ళుగా. ఇంటి దగ్గర పాత రేడియోలు విప్పుకుంటూ కూర్చునే మనిషి, ఇక్కడ రోజూ ఆరు గంటలు ఇంకేమీ చూడ్డానికి లేక ఈ పనినే చూశాడు.

"మీరేనా సార్?"

"నేను కాదు. నువ్వే. నిన్ను రెక్కపట్టి దింపాను, నువ్వు నడిపి పైకొచ్చావు. రిజిస్టర్లో అలాగే రాశాను."

"నేను లేవలేదు కదా సార్."

"లేచావంటే లేచావు. ఒరే, చెప్పేది విను. నా బదిలీ కాగితం కదిలింది. ఆరేళ్ళయింది నేనొక ఊళ్ళో, మా ఆవిడ ఒక ఊళ్ళో. రెండు నెలలకోసారి ఏడు గంటలు బస్సులో కూర్చుని మా ఇంటికి చుట్టపుచూపుగా పోతున్నా. నాకీ పంపు తెలుసని తెలిసిందా, నన్నీ నూతిలోనే పాతేస్తారు. నోరు మూసుకో."

నీళ్ళాయన నోరు మూసుకున్నాడు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి అంటారు. అతను నూతిలోనే నిలబడి ఉన్నాడు గనక ఆ సామెత అతనికి సగం తీరినట్టే.

రెండు వారాలు పోయాక రాజధాని నుంచి కమిటీ అధికారిణి తనిఖీకి వచ్చింది. చేతికి వాచీ కూడా లేని నిరాడంబరపు మనిషి. కాగితాలు మాత్రం చీమ నడిచినట్టు చదివింది. నీళ్ళాయనను పిలిపించింది. తలుపు దగ్గర సన్నవార్డరు నిటారుగా నిలబడ్డాడు.

"ఆస్పత్రి రిజిస్టర్లో నీకు మూడు రోజులు స్పృహ లేదని ఉంది. పంపు రిజిస్టర్లో నువ్వే నడిపావని ఉంది. రెండూ ఎలా కుదురుతాయి?"

 నీళ్ళాయన తలుపు వైపు చూడకూడదనుకున్నాడు, చూడలేదు. ఆ గదిలో గోడకు చిన్న కిటికీ ఉంది, అందులోంచి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. పదమూడేళ్ళుగా తాను నింపుతున్న ట్యాంకును అతను ఇంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. దానికి ఆకుపచ్చ రంగు వేసి ఉందని అప్పటిదాకా తెలియదు.

"తొందరేం లేదు," అంది ఆమె. "ఆలోచించుకునే చెప్పు. నువ్వు నడిపావా?"

"లేదు మేడమ్."

"మరి?"

"ఈయన నడిపారు. బాగా నడిపారు. నేను లేకపోయినా నడుస్తుంది."

ఆమె తలుపు వైపు చూసి, ఒక ఫారం తీసి, ప్రత్యామ్నాయ ఏర్పాటు అన్న గడిలో సన్నవార్డరు పేరు రాసింది. బాధ్యత స్వీకరించినట్టు ఆ గడిలో అతను సంతకం పెట్టాలి. పెడితే నీళ్ళాయన ఫైలు ఆ నెలలోనే కమిటీ ముందుకు వెళుతుంది. పెట్టకపోతే వెళ్ళదు. వారం గడువు ఇచ్చి ఆమె వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు సన్నవార్డరు పంపు దగ్గర కూర్చున్నాడు. ఫారం చొక్కా జేబులో మడిచి ఉంది, చెమటకు అంచులు మెత్తబడ్డాయి. నీళ్ళాయన తన పని తాను చేసుకున్నాడు. చేతులు కడుక్కోవడానికి కూడా మామూలుకంటే ఎక్కువసేపు తీసుకున్నాడు. బతిమాలాలని రెండుసార్లు అనుకున్నాడు. ఏమని బతిమాలాలో తెలియలేదు. అబద్ధం చెప్పి ఉంటే ఈ మనిషి ఇంటికి పోయేవాడు, తాను ఉండేవాడు. నిజం చెప్పాడు గనక అది తారుమారైంది. నిజానికి ఇందులో పెద్ద గొప్పేమీ లేదు. ఎటు చెప్పినా ఒకరు బావిలో ఉండాలి, తాను కాకుండా చూసుకున్నాడు.

అయిదోరోజు సన్నవార్డరే నోరు విప్పాడు.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను. నువ్వు దాటకముందే తగలేశావు కదరా."

"అవును సార్."

"అవునంటాడు చూడు! కాదనైనా అనవేరా, నాలుగు తిట్టుకుంటాను."

నీళ్ళాయన కర్ర తీసి పంపుకు ఆనించాడు.

"నీ మీద కోపంతో సంతకం పెట్టకుండా ఉందామనే ఉంది. కానీ పెట్టకపోయినా నా బదిలీ పోయినట్టే. సూపరింటెండెంటుకి తెలిసిపోయింది, నిన్న నన్ను చూసి నవ్వాడు. ఇంతకాలం నీకేసి నవ్విన నవ్వే." కలం తీసి, గోడకు ఫారం ఆనించి, ఆగాడు. "ఒక షరతు. బయటికి వెళ్ళగానే మా ఆవిడ దగ్గరికి వెళ్ళు. నేను రావట్లేదని నువ్వే చెప్పు."

"నేనా సార్?"

"నువ్వే. ఈ నెల వస్తా, వచ్చే నెల వస్తా అని ఆరేళ్ళు చెప్పినవాణ్ణి. ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. నీకు నిజాలు బాగా వస్తాయిగా. చెప్పిరా."

సంతకం పెట్టాడు.

రెండు నెలలకు విడుదల ఉత్తర్వు వచ్చింది. ఆ రెండు నెలలూ నీళ్ళాయన తనకు తెలిసినదంతా అతనికి చెప్పాడు. దాచుకున్నది ఏమీ లేదు. వాళ్ళు పంపు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

గేటు బయట అక్క చెప్పుల సంచితో నిలబడి ఉంది. తమ్ముడి కొలత గుర్తు లేక రెండు సైజులు తెచ్చింది. ముందు ఇంటికి కాదు, ఇంకో ఊరికి పోవాలని అతను చెప్పేసరికి ఆమె నడుం మీద చేయి వేసుకుంది.

"పదమూడేళ్ళు నేను నీకోసం బస్సులెక్కాను. ఇప్పుడు నువ్వు బయటికొచ్చి కూడా బస్సేనా?"

"మాటిచ్చానక్కా."

"ఎవరికిచ్చావో గానీ వాడు బాగుపడ్డాడు. పద."

ఏడు గంటల ప్రయాణం. దారిలో అతను కిటికీ పక్కనే కూర్చున్నాడు గాని, ఎక్కువ వెలుతురుకు కళ్ళు నీళ్ళు కారి, సగం దూరం కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆ ఊళ్ళో బడి వెనక వీధిలో మేడ మీద ఒంటి గది. తలుపు తీసింది సన్నవార్డరు భార్య, ఆ బడి పంతులమ్మ; వేళ్ళకు ఎర్ర సిరా అంటి ఉంది. బల్ల మీద పిల్లల పరీక్ష కాగితాలు దొంతరగా ఉన్నాయి.

"ఎవరండీ మీరు?"

దారంతా ఆలోచించుకుని వచ్చిన మాటలు అతనికి ఒక్కటీ రాలేదు. తాను ఎవరో, ఎక్కడినుంచి వచ్చాడో, ఎందుకు శిక్ష పడిందో మొదటినుంచీ చెప్పాడు. జ్వరం సంగతి చెప్పాడు. అధికారిణి అడిగింది చెప్పాడు. "నేను అబద్ధం చెప్పి ఉంటే ఈ పాటికి ఆయన ఇక్కడుండేవారమ్మా. నేనక్కడ ఉండేవాణ్ణి," అన్నాడు.

పంతులమ్మ కాగితాల దొంతరను సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది. ఆమె తిడుతుందని అతను నిలబడి ఉన్నాడు. తిడితే బాగుండుననే నిలబడ్డాడు.

"ఎంతకాలం?" అంది చివరికి.

"ఆ పంపుకి ఇంకొకరు దొరికేదాకా."

"మీకు దొరకడానికి ఎంతకాలం పట్టింది?"

"పని నేర్పడం మొదలుపెట్టాక, మూడేళ్ళు పైన."

ఆమె కుర్చీలో కూర్చుంది. వాళ్ళిద్దరినీ కూర్చోమనలేదు. కిటికీలోంచి బడి పైకప్పు కనిపిస్తోంది, అటు చూసింది.

"ఆ ఊళ్ళో బడి ఉందా?" అని అడిగింది.

 నీళ్ళాయన ఆ ఊళ్ళో పదమూడేళ్ళున్నాడు. బడి ఉందో లేదో, ఎన్ని వీధులున్నాయో, జనం ఏ వైపు నడుస్తారో అతనికి తెలియదు.

"తెలీదమ్మా. నేను ఊరు చూడలేదు."

"నేను చూశాను," అంది అక్క, తలుపు దగ్గర నుంచి లోపలికి వస్తూ. "బస్సు దిగితే ఎదురుగా ఒకటి, గుట్ట వెనక ఇంకోటి. ఎదురుగా ఉన్నది పెద్దది తల్లీ, కానీ పంతుళ్ళు ఎప్పుడూ వరండాలోనే ఉంటారు. గుట్ట వెనకదాంట్లో పిల్లలు గట్టిగా చదువుతుంటారు, రోడ్డు మీదికి వినిపిస్తుంది. అక్కడ అడుగు."

పంతులమ్మ ఎర్ర సిరా కలం పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితం తీసుకుంది.

"ఆ బడి పేరేమిటో చెప్పగలరా?" అని అక్కను అడిగింది.